బోర్గ్‌హిల్డ్ పని ఆపించిన రోజు

బోర్గ్‌హిల్డ్‌ను మేం సేఫ్టీ ప్రతినిధిగా ఎన్నుకున్నప్పుడు ఆవిడ గదిలో లేదు. కాఫీ కాచడానికి వెళ్లింది. ఆ పదవి ఎవరికీ అక్కర్లేదు. జీతం పెరగదు, మేనేజరుతో పోట్లాట మాత్రం పెరుగుతుంది. అందుకని ఆవిడ తిరిగొచ్చేలోపు ముప్ఫైమందిమీ చేతులెత్తి ఆ పని కానిచ్చేశాం. "ఓట్లయిపోయాయా? ఎవరు పాపం?" అంటూ లోపలికొచ్చింది. చెప్పాం. "దొంగ ముఖాల్లారా" అని తిట్టి అందరి కప్పుల్లోనూ కాఫీ పోసింది. ఆ పదవిలో పదిహేడేళ్లుంది.

నార్వే పడమటి తీరంలో మాదో దీవి. ఊరంతటికీ ఒకటే ఫ్యాక్టరీ. కాడ్ చేపలను చీల్చి, ఉప్పులో ఊరేసి, ఆరబెట్టి పై దేశాలకు పంపుతాం. నేను బోర్గ్‌హిల్డ్ పక్కన నిలబడి ఇరవై రెండేళ్లు చేపలు తోమాను. నాకు తెలిసినంత దగ్గరగా ఆవిడ ఎవరికీ తెలియదు, ఆవిడ మొగుడితో సహా. మనిషి మగవాళ్లకంటే ఒక తల ఎత్తు. గొంతు మోటారు బోటుకి పోటీ. పనిచేసేవాళ్ల ప్రాణానికో ఒంటికో ముప్పుందనుకుంటే సేఫ్టీ ప్రతినిధి ఎవరినీ అడక్కుండా పని ఆపించవచ్చని మా చట్టంలో ఉంది. మిగతా ఊళ్లలో ఆ మాట పుస్తకంలోనే పడుంటుంది. బోర్గ్‌హిల్డ్ దాన్ని మూడుసార్లు వాడింది. మెట్లమీద మంచు గడ్డకట్టినప్పుడొకసారి, బండి బ్రేకులు పోయినప్పుడొకసారి, ఇంకోసారి ఏదో దుమ్ము విషయంలో. మా మేనేజరు హోకన్ ఆవిడ తన గది వైపు నడిచొస్తుంటేనే గడియారం చూసుకునేవాడు.

ఇంకో పనికూడా ఆవిడదే. ఇళ్లకు ఫోన్లు చెయ్యడం. ఇది తొంభై ఏడు నాటి మాట, మా చేతుల్లో ఇంకా సెల్‌ఫోన్లు లేవు. బోటు ఎప్పుడొస్తే అప్పుడే మాకు పని. సీజన్లో ఏ రోజు ఎన్నింటికి వదులుతారో దేవుడికే తెలియాలి. అందుకని వదిలే వేళ తెలియగానే బోర్గ్‌హిల్డ్ ఆఫీసులోకి వెళ్లి ఇంటింటికీ ఫోన్ చేసేది. "ఆర్నె, నేనే. టూరిడ్ ఇవాళ ఏడింటికొస్తుంది. బంగాళాదుంపలు ఆరున్నరకి పెట్టు, ముందే పెట్టి ముద్ద చెయ్యకు." ఆర్నె నా మొగుడు, టూరిడ్ నేను. ముప్ఫై ఇళ్ల నంబర్లూ ఆవిడకు నోటికొచ్చు. మా అమ్మ కాలం నుంచీ ఉన్న పద్ధతే అది. వేడివేడి దుంపల ముందు కూర్చున్నప్పుడల్లా ఆవిడ పేరు తలుచుకునేవాళ్లం.

మెరెటె మా దగ్గర చేరి అప్పటికి రెండేళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, ఫెర్రీ దాటి అవతలి ఊరినుంచి కాపురానికి వచ్చింది. గ్రేడింగ్ బల్ల దగ్గర పని. చేప వీపుమీద వేలు ఆనించి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది పోర్చుగల్‌కి, ఇది బ్రెజిల్‌కి, ఇది దేనికీ పనికిరాదు అని చెప్పాలి. ఆ విద్య పదేళ్లకు గాని పట్టుబడదు. ఈ పిల్లకు ఏడాదిలో వచ్చేసింది. మా ముసలి గ్రేడరు తన చేతికింద ఇంతటి మనిషి పడలేదని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు.

ఆమె మొగుడు కోరె మంచు తోసే లారీ నడిపేవాడు. అందరికీ కావలసినవాడు. అడక్కుండానే మన వాకిట్లో మంచు తోసిపెట్టేవాడు. హోకన్‌తో కలిసి లేళ్ల వేటకు వెళ్లే జట్టులో మనిషి. బోర్గ్‌హిల్డ్ ఫోన్ కొంచెం ఆలస్యమైతే తనే చేసి అడిగేవాడు, మా మెరెటె ఎన్నింటికొస్తుందని. "చూడండే, పెళ్లాం మీద ఎంత ప్రాణమో! మా ఆయనకి నేనొచ్చానో లేదో టీవీ ఆగితే గాని తెలియదు" అని నేనే ఎన్నోసార్లన్నాను. సిగ్గేస్తుంది ఇప్పుడు.

ఆ సెప్టెంబర్లో ఒకరోజు ఉప్పు పడవ రాలేదు. రెండింటికే వదిలేశారు. మెరెటె ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బోర్గ్‌హిల్డ్, ఇవాళ మా ఇంటికి ఫోన్ చెయ్యకు."

"ఏం తల్లీ, ఏమిటా రహస్యం?"

"డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మామూలుగా అయితే నాలుగు దాకా పనే కదా."

"అయ్యో, మీ ఇంటికే ముందు చేశానమ్మా. కోరె ఎంత సంబరపడ్డాడనుకున్నావ్, కాఫీ పెడతానన్నాడు."

మెరెటె సైకిలెక్కి వెళ్లిపోయింది. "నీళ్లోసుకుందేమో, మొగుడికి ఇంకా చెప్పలేదేమో" అన్నాను నేను. అందరం నవ్వాం.

తర్వాత నాలుగు రోజులు రాలేదు. మా దగ్గర డాక్టరు చీటీ లేకుండా మనంతట మనమే మూడేసి రోజులు సెలవు పెట్టుకోవచ్చు, కానీ ఏడాదికి నాలుగుసార్లే. మెరెటె నాలుగూ ఎప్పుడో వాడేసింది. అన్నీ సోమవారాలు కలిసొచ్చేవే. వెనకాల గుసగుసలు కూడా ఉండేవి, శనాదివారాలు తాగుతుందేమోనని. అయిదో రోజు వచ్చేసరికి హోకన్ ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఇంకొక్కసారి చీటీ లేకుండా మానితే ఉద్యోగం పోతుందని అందులో ఉంది.

బట్టలు మార్చుకునే గదిలో ఆ కాగితం ఆమె చేతిలో చూసి బోర్గ్‌హిల్డ్ దగ్గరికెళ్లింది. ధైర్యం చెబుదామని మణికట్టు పట్టుకుంది. మెరెటె కెవ్వున అరిచింది. చొక్కా చెయ్యి కింద గుడ్డ చుట్టుంది. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం.

"ఎవరే?" అంది బోర్గ్‌హిల్డ్.

"నువ్వు ఫోన్లో చెప్పిన వేళ నుంచి నాకు ఏడు నిమిషాలు టైము. గేటు నుంచి మా గుమ్మందాకా సైకిల్ మీద ఏడే పడుతుంది. ఆ రోజు పదమూడైంది. పాత దెబ్బలు చూపించుకుందామని డాక్టరు వీధిదాకా వెళ్లి, భయమేసి వెనక్కి తిరిగాను."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా!"

"ఏమని చెప్పను? ముప్ఫైమందికి చేసే ఉపకారం నాకోసం మానమనా? మానితే ఎందుకు మానావని నన్నే అడుగుతాడు. నువ్వంటే అతనికి ఎంత గౌరవమో తెలుసా? నీ మాట గడియారమంటాడు."

బోర్గ్‌హిల్డ్ బెంచీమీద కూలబడింది. అంత మనిషీ ఒక్కసారిగా చిన్నదైపోయింది. రెండేళ్లుగా సీజన్లో దాదాపు ప్రతిరోజూ నవ్వుతూ, ఎంతో అభిమానంగా ఆ పిల్లను పట్టి అప్పగించింది తనే. నాకూ అప్పుడే అర్థమైంది. నా మాటలన్నీ గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

బోర్గ్‌హిల్డ్ తల ఎత్తి ఒకటే అడిగింది. "నీకేం కావాలి?"

"ఉద్యోగం" అంది మెరెటె. ఆలోచించలేదు, వెతుక్కోలేదు. "ఇదొక్కటి పోకుండా చూడండి. ఆదివారాలే ఎందుకు కొడతాడనుకున్నారు? సోమవారం పనికి రాకుండా. మానెయ్యమని రెండేళ్లనుంచి సతాయిస్తున్నాడు, నేను మానడంలేదు. మీరే తీసేస్తే ఇక అతనికి కష్టపడే పనే లేదు. నేను ఆ ఇంట్లోంచి మళ్లీ బయటికి రాను."

"హోకన్‌తో మాట్లాడనా? నువ్వు వద్దంటే నేను నోరు విప్పను."

మెరెటె బూట్లు కట్టుకుంటున్నంతసేపూ ఆలోచించింది. "మాట్లాడు. కానీ నన్నూ తీసుకెళ్లు. నా గురించి నా వెనకాల మాట్లాడుకోవడం చాలాసార్లు విన్నాను."

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి బోర్గ్‌హిల్డ్ గోడమీది ఎర్ర బొత్తాం నొక్కింది. యంత్రాలన్నీ ఆగిపోయాయి. "ప్రమాదముంది. కాఫీ తాగండి" అని అందరికీ చెప్పింది. మెరెటెను, సాక్షిగా నన్నూ వెంటబెట్టుకుని హోకన్ గదిలోకి నడిచింది. హోకన్ అప్పటికే ఒంటికాలిమీద లేచున్నాడు.

"శుక్రవారానికి సరుకు ఓడెక్కాలి, తెలుసా నీకు? ఏ యంత్రానికి ఏమొచ్చింది?"

"యంత్రం కాదు. కోరె."

"ఏ కోరె?"

"ఈమె మొగుడు."

హోకన్ మెరెటె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. "కోరెనా? పోయిన శనివారం వాడూ నేనూ ఒకే రాతిమీద కూర్చుని రొట్టె తిన్నాం. వాడు చీమకైనా హాని..."

మెరెటె చొక్కా చెయ్యి పైకి లాగి, గుడ్డ విప్పి, చెయ్యి అతని బల్లమీద పెట్టింది. చెప్పాల్సిందంతా తనే చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. హోకన్ అంతా విన్నాడు. చివరికి, "ఇది ఇంటి వ్యవహారం కదా బోర్గ్‌హిల్డ్. పోలీసులున్నారు. దీనికి సేఫ్టీ చట్టమేమిటి? ఈ గోడల మధ్య జరిగినదానికే నాది బాధ్యత" అన్నాడు.

"ఈ గోడల మధ్యే జరిగింది. అదిగో, ఆ ఫోన్లో. నీ ఫోను, నీ ఆఫీసు, నీ జీతం తినే నేను. ఇంటికెన్నింటికి చేరాలో వాడికి ఇక్కణ్నుంచే కబురెళ్లింది. వాడు కొట్టాడు, నువ్వు హెచ్చరిక కాగితం ఇచ్చావు. ఇద్దరూ కలిసి ఒక్క పనే చేస్తున్నారు, వాడికి తెలుసు, నీకు తెలియదు. అంతే తేడా."

"నువ్వు అంత మాటనకు."

"నాక్కూడా తెలియలేదయ్యా! తెలిసుంటే ఆ ఫోన్ వైరు పీకి వాడి మెడకి చుట్టేదాన్ని. చట్టం దీనికి కాదంటావా, సరే. కార్మిక శాఖకి ఫోన్ చేసి అడుగు. వాళ్లు కాదనేదాకా చేపలు ఆగుతాయి. నాకేం తొందర లేదు, ఇంట్లో పిల్లిక్కూడా అన్నం పెట్టొచ్చాను."

హోకన్ ఫోన్ వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపు మెరెటె చేతినే చూశాడు. అతనిలో నాకు నచ్చేది అదే. గట్టిగా అరుస్తాడు గాని, చూసినదాన్ని చూడలేదనుకోలేడు. "ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

చెప్పాం. ఇకనుంచి ఎవరు ఎన్నింటికి వస్తారో, ఎన్నింటికి పోతారో బయటివాళ్లకు చెప్పడం లేదు. మెరెటెకు ఒక్కదానికే అయితే కోరెకి తెలిసిపోతుంది కాబట్టి ముప్ఫై ఇళ్లకూ లేదు. ఆ హెచ్చరిక కాగితం చించెయ్యాలి. ప్రతి మంగళవారం ఒక గంట పని వేళలోనే ఆమె హోకన్ గదిలో తలుపేసుకుని డాక్టరుతోనో, లాయరుతోనో, ఆశ్రయకేంద్రంతోనో మాట్లాడుకుంటుంది. ఆ గంటకి జీతం కోత లేదు. హోకన్ అన్నిటికీ తలూపాడు. కోరె గేటు దగ్గరికొస్తే నువ్వే వెళ్లి ఆపాలి అనేసరికి మాత్రం బిగుసుకుపోయాడు.

"అది నువ్వు చెయ్యకూడదా? నిన్ను చూస్తే ఎవడైనా ఆగుతాడు."

"నేను వెళ్తే ఆడవాళ్ల గొడవంటాడు. నువ్వెళ్తే ఫ్యాక్టరీ వచ్చినట్టు" అంది బోర్గ్‌హిల్డ్.

పదకొండింటికి యంత్రాలు మళ్లీ తిరిగాయి. సరుకు శుక్రవారమే ఓడెక్కింది.

ఆ శరత్కాలమంతా మా దీవి ముద్దయిన దుంపలు తింది. ఫోన్లు ఎందుకు మానేశారని ఆర్నె రోజూ నా మీద గయ్యిమనేవాడు. "కొత్త రూలు" అనేదాన్ని. "ఏ వెధవ పెట్టాడు?" అనేవాడు. "తినవయ్యా, పళ్లు లేనివాళ్లు ఇంతకంటే సంతోషంగా తింటారు." ముప్ఫై ఇళ్లలోనూ ఇదే రామాయణం. బోర్గ్‌హిల్డ్‌కి గర్వమెక్కిందని దుకాణంలో వినబడేలా అన్నారు. ఆవిడ చెవిన వేసుకోలేదు. కోరె ఫోన్ చేసిన ప్రతిసారీ తనే ఎత్తి, "టైములు చెప్పం. ఎవరికీ చెప్పం. మీ ఇంట్లో దుంపలకి వచ్చిన కష్టమే మా ఇంట్లోనూ వచ్చింది" అనేది. ఊరంతా గొణుగుతుంటే అతను మెరెటెను ఒక్కదాన్నీ ఏమని నిలదీస్తాడు? చేపలు ఎక్కువొచ్చాయంటే నమ్మాల్సిందే. ఆ చేపల వంకతోనే ఆమె డాక్టరుకి చెయ్యి చూపించుకుంది, జరిగినవన్నీ చీటీలమీద రాయించుకుంది, లాయరుతో మాట్లాడుకుంది.

అక్టోబరు ఆఖర్లో కోరె రొట్టెల పొట్లం పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. మెరెటె మర్చిపోయిందట, లోపలికెళ్లి ఇచ్చొస్తాడట. మేం కిటికీలకు అతుక్కుపోయాం. హోకన్ స్వెట్టర్ మీదే బయటికి నడిచాడు, కోటు తొడుక్కోవడం కూడా మరిచి.

"పొట్లం ఇలా ఇవ్వు. లోపలికి రావడానికి లేదు."

"ఎవడన్నాడు?"

"నేను."

"మొగుడు పెళ్లాన్ని కలవడానికి నీ పర్మిషనేమిట్రా?" కోరె నవ్వుతూనే ఉన్నాడు. "శనివారం వేటకి ఏ మొహం పెట్టుకుని వస్తావు నాతో?"

"నీతో రాను. జట్టులో నీ పేరు కొట్టేశాను. మిగతావాళ్లకి కారణం నేనే చెబుతాను, నువ్వు చెబుతానంటే నువ్వే చెప్పు."

కోరె నవ్వు ఆగిపోయింది. పొట్లం గేటుమీదుగా విసిరి వెళ్లిపోయాడు. హోకన్ పొట్లం ఏరుకొచ్చి మెరెటె బల్లమీద పెట్టాడు. ఆ సాయంత్రం మెరెటె ఫెర్రీ దాటి పుట్టిన ఊళ్లో అక్క దగ్గరికి వెళ్లి రెండు వారాలుండి, అక్కణ్నుంచే పనికొచ్చింది. తర్వాత కోరె వచ్చి ఏడ్చి బతిమాలితే మళ్లీ ఇంటికెళ్లింది. నాకు ఒళ్లు మండింది. "ఇంత చేస్తే ఇదా!" అని బోర్గ్‌హిల్డ్ మీద విరుచుకుపడ్డాను. "ఆమె అడిగింది ఉద్యోగం. అది ఉంది కదా? వచ్చి చేసుకుంటోంది కదా? నోరు మూసుకుని చేప తోము" అంది.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున్న హోకన్ పేరుకి ఉత్తరమొచ్చింది. ఇంటి పనుల వల్ల ఉద్యోగం మానేస్తున్నానని, అదే రోజునుంచి రానని, కింద మెరెటె సంతకం. మా దగ్గర రాతపూర్వకంగా మానేస్తానంటే ఇక వేరే మాట లేదు. ఆ కాగితం అంతకుముందు వచ్చుంటే పీడా వదిలిందనుకుని ఫైల్లో పెట్టేసేవాణ్నని తర్వాత హోకన్ తనే ఒప్పుకున్నాడు. కానీ ఆ పూట కూడా మెరెటె ఎప్పట్లానే వచ్చి గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడుంది. మామూలుకంటే నెమ్మదిగా చేప చూస్తోంది. అదే ఆఖరి రోజన్నట్టుందని నాకు తట్టలేదు.

హోకన్ కాగితం పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు. అతన్ని చూసి బోర్గ్‌హిల్డ్ వచ్చింది. బోర్గ్‌హిల్డ్‌ని చూసి నేను వెళ్లాను.

"మెరెటె, ఇది చూశావా?"

ఆమె చూసింది. "సంతకం నాదే. నిన్న పెట్టించాడు. ఇవాళ వచ్చి నా సామాను తెచ్చేసుకోమన్నాడు."

"సంతకం గురించి అడగలేదు. పని మానాలని నీకుందా?"

మెరెటె చేతిలో పెద్ద చేప ఉంది. దాన్ని కింద పెట్టలేదు. హోకన్ ఎటూ కదల్లేదు. మా చుట్టూ ఒక్కొక్కళ్లే పని ఆపేస్తున్నారు, ఎవరూ బొత్తాం నొక్కకుండానే.

"లేదు" అంది.

"అయితే ఇది చెల్లదు" అని హోకన్ కాగితం చించబోయాడు.

"చించకు!" బోర్గ్‌హిల్డ్ అరుపుకి గోడలదిరాయి. "అది పోలీసులకి పనికొస్తుంది, మట్టిబుర్రా!"

హోకన్ కాగితాన్ని పిల్లాడిలా వీపు వెనక దాచుకున్నాడు. మెరెటె మాత్రం ఎవరినీ చూడటంలేదు. "ఇవాళ సామాను లేకుండా ఇంటికెళ్తే..." అని ఆగింది. మళ్లీ తనే, టైము చెప్పినంత మామూలుగా, "ఇవాళ ఇంటికి వెళ్లను" అంది.

హోకన్ జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. సీజను పనివాళ్ల కోసం గేటు పక్కన ఫ్యాక్టరీకి ఒక ఇల్లుంది, దానిది. "పై గది. తలుపుకి కొత్త తాళం వేయించాను. హీటరు వేసే ఉంది, వెచ్చగా ఉంటుంది."

"ఇప్పుడే వేశావా?"

"అక్టోబర్లో."

మెరెటె అతని వైపు చూసింది. "రెండు నెలలనుంచి ఖాళీ గదిలో హీటరు వేసుందా? నాకు చెప్పలేదేం?"

"నువ్వు వెళ్లనని చెప్పేదాకా నోరెత్తొద్దంది" అని హోకన్ బోర్గ్‌హిల్డ్‌ని చూపించాడు. "పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నన్ను పంపించి చూసి రమ్మనేది, గది చల్లబడిందేమోనని."

మెరెటె చేపను బల్లమీద పెట్టి, చేతి తొడుగు తీసి తాళంచెవి అందుకుంది. ఏడుస్తుందనుకున్నాం. ఏడ్చింది బోర్గ్‌హిల్డ్. ఇరవై రెండేళ్లలో నేనెన్నడూ చూడనిది, ఆ బల్లమీదికి వంగి, రెండేళ్ల ఫోన్లన్నిటికీ కలిపి భోరున ఏడ్చింది. మెరెటె ఆవిడ మొహం కిందనుంచి చేపని ఇవతలికి లాగింది.

"జరుగు బోర్గ్‌హిల్డ్. పోర్చుగల్ చేప ఇది. ఇప్పటికే ఉప్పెక్కువైంది."